బొబ్బిలి నుంచి భిలాయ్‌కి మా తాతయ్య

మా తాతయ్య పెద్ద పేరున్న మనిషి కాదు. ఆయన ఫోటో ఏ పేపర్లోనూ పడలేదు. భిలాయ్ ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్ విభాగంలో 37 ఏళ్ళు పనిచేసి 2005లో రిటైర్ అయ్యారు. పోయిన ఏడాది చలికాలంలో మమ్మల్ని విడిచి వెళ్ళిపోయారు. పత్రికలో తెలుగు పేజీకి ఏదైనా రాయమని మేడమ్ అడిగినప్పుడు నాకు ఆయన తప్ప వేరే విషయం తోచలేదు. ఎందుకంటే నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే.

తాతయ్యది బొబ్బిలి దగ్గర ఒక చిన్న పల్లె. నలుగురు తోబుట్టువుల్లో ఆయనే పెద్ద. వాన పడితేనే పంట పండే నేల వాళ్ళది. తండ్రి చిన్నప్పుడే పోవడంతో ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. 1968లో, అప్పటికే భిలాయ్‌లో పనిచేస్తున్న ఊరి మనిషి వెంట రైలెక్కారు. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్ దాటి దుర్గ్‌లో దిగారు. వెంట ఉన్నవి ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి, వాళ్ళమ్మ మూటకట్టి ఇచ్చిన అటుకులు. హిందీ ఒక్క ముక్క రాదు.

మన కర్మాగారం చరిత్ర మనందరికీ తెలిసిందే. సోవియట్ యూనియన్ సహాయంతో కట్టడానికి 1955లో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి జనం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. మా తాతయ్య వాళ్ళలో ఒకరు. మొదట ఒక కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీగా చేరారు. కొన్ని నెలలకు కోక్ ఓవెన్‌లో ఉద్యోగం దొరికింది.

ఆయన ఒక మాట తరచూ చెప్పి నవ్వేవారు. "నేను బయల్దేరినప్పుడు బొబ్బిలి శ్రీకాకుళం జిల్లా, భిలాయ్ మధ్యప్రదేశ్. 1979లో బొబ్బిలి విజయనగరం జిల్లాలోకెళ్ళింది. 2000లో భిలాయ్ ఛత్తీస్‌గఢ్‌లోకెళ్ళింది. నానెక్కడికీ కదల్లేదు, ఊళ్ళే కదిలాయి."

కోక్ ఓవెన్ అంటే ఏమిటో నాకు తాతయ్యే చెప్పారు. బొగ్గును గాలి తగలకుండా ఇటుక గదుల్లో వేసి, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో చాలా గంటలు ఉంచుతారు. అందులోని గ్యాసు, తారు బయటికి వచ్చేస్తాయి. మిగిలిన గట్టి పదార్థమే కోక్. ఎర్రగా మండుతున్న ఆ కోక్‌ను యంత్రంతో బయటికి నెట్టి నీళ్ళతో చల్లారుస్తారు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజం కరిగి ఇనుముగా మారడానికి ఆ కోకే కావాలి. ఓవెన్ల పైకప్పు మీద నడవాలంటే మామూలు బూట్లు ఆ వేడికి ఆగవు. అందుకని చెక్క అడుగులున్న చెప్పులు తొడుక్కునేవారు. తాతయ్య పాత జత ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. నా రెండు చేతులతో ఎత్తితే గానీ అవి ఎంత బరువో నాకు తెలియలేదు.

ఓవెన్లను ఒక్కరోజు కూడా చల్లారనివ్వకూడదు. చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయి. కాబట్టి దీపావళి అయినా, హోలీ అయినా మూడు షిఫ్టులూ నడవాల్సిందే. తాతయ్య ప్రతి దీపావళికీ తన తోటి బీహారీ మిత్రుడి రాత్రి డ్యూటీ తాను చేసేవారు. సంక్రాంతికి ఆ మిత్రుడు తాతయ్య డ్యూటీ చేసేవారు. ఈ ఏర్పాటు ఇరవై ఏళ్ళకు పైగా నడిచిందట. తాతయ్య పోయిన రోజు ఆ తాతగారు చేతికర్ర పట్టుకుని వచ్చి, మా వాకిట్లో ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నారు.

రాత్రి డ్యూటీ చేసి ఉదయం సైకిల్ మీద వచ్చాక తాతయ్య మొదట చేసే పని నిద్రపోవడం కాదు. నాన్నకు, అత్తకు స్కూలు బ్యాగులు సర్ది, వాళ్ళను పంపించి, అప్పుడు పడుకునేవారు. మామ్మ ఎంత చెప్పినా వినేవారు కాదు. "పిల్లలు బడికెళ్ళే ముందు తండ్రి మొకం సూడాలి గదా" అనేవారట. సాయంత్రం డ్యూటీ ఉన్న వారాల్లో పిల్లలు నిద్రపోయాక ఇంటికి చేరేవారు కాబట్టి, ఉదయం ఆ కాస్త సమయాన్ని ఎప్పుడూ వదులుకోలేదు.

ఆయన తినడానికి ఇష్టపడింది రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచిన చద్దన్నం, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఛత్తీస్‌గఢ్‌లో దీన్నే బోరే బాసీ అంటారు. 2022లో మే 1న, కార్మిక దినోత్సవం నాడు, అందరూ బోరే బాసీ తినాలని రాష్ట్ర ప్రభుత్వం పిలుపునిచ్చింది. ఆ వార్త టీవీలో చూసి తాతయ్య పగలబడి నవ్వారు. "సూసావా తల్లీ, మనూరి కూడుకి ఇక్కడ పండగ సేస్తన్నారు" అన్నారు. ఈ నేల తనకు పరాయిది కాదని ఆయన అంత సంతోషంగా చెప్పడం నేను అప్పుడే విన్నాను.

బడిలో నేను హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం చదువుకున్నాను. తెలుగు మాత్రం తాతయ్య దగ్గరే. నాన్న తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవడం ఆయనకు కష్టం. నాన్న చిన్నప్పుడు తాతయ్యకు షిఫ్టుల మధ్య పక్కన కూర్చోబెట్టి నేర్పే తీరిక దొరకలేదు. ఆ లోటు ఆయన మనసులో ఉండిపోయింది. అందుకే నాకు ఐదేళ్ళు రాగానే పలక కొనుక్కొచ్చారు. రోజూ సాయంత్రం అరగంట. నేను 'కొ'కు బదులు 'కో' రాస్తే "ఏటమ్మా, కొమ్మకి అంత పొడుగు దీర్ఘమెందుకు, ఇరిగిపోద్ది" అని నవ్వించేవారు. నాలుగో తరగతికి వచ్చేసరికి ఊరి నుంచి వచ్చిన పెళ్ళి శుభలేఖలు నేనే చదివి వినిపించేదాన్ని. అప్పుడు ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చి అక్షరాలు ఆనేవి కావు.

ఆయన పోయాక రేకు పెట్టెలో ఒక పాత లెక్కల పుస్తకం దొరికింది. అంతా తెలుగులో, పెన్సిల్‌తో రాసి ఉంది. ఇంట్లో దాన్ని చదవగలిగింది మామ్మ, నేను. మామ్మ కళ్ళజోడు పెట్టుకున్నా ఆ అక్షరాలు ఆనలేదు. నేను బయటికి చదువుతుంటే నాన్న పక్కన కూర్చుని విన్నారు. ప్రతి నెలా మొదటి వారంలో ఒకే వరుస: "అమ్మకు మనియార్డరు 60." తర్వాత పేజీల్లో అది 100 అయింది, 150 అయింది. మధ్యలో చెల్లి పెళ్ళి, తమ్ముడి కాలేజీ ఫీజు, నూతి తవ్వకం, ఇంటి పైకప్పు. నాన్న పుస్తకాలు, అత్త పుస్తకాలు. తన కోసమని రాసుకున్నవి వెతికి చూశాను. సైకిల్ టైరు, సైకిల్ చైను, మళ్ళీ సైకిల్ టైరు. అవి కూడా డ్యూటీకి వెళ్ళడానికే. ఒకచోట మాత్రం "మైత్రీ బాగ్, పిల్లలకు ఐస్‌క్రీము" అని ఉంది. అది విని నాన్న, "ఆ రోజు నాకు గుర్తుంది. ఆయన తినలేదు, పళ్ళు జివ్వుమంటాయన్నారు" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఊళ్ళో తన వాటా పొలం కూడా తాతయ్య తమ్ముడి పేరున రాసిచ్చేశారు. "నాకు నెల జీతముంది, వాడికి వాన తప్ప ఏటీ లేదు" అన్నారట. మా ఇంట్లో ఎవరూ దాన్ని త్యాగమని అనరు. తాతయ్యకు ఆ మాట నచ్చదు.

మేం సెలవులకు ఊరెళ్ళేటప్పుడు సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఆయన కిటికీ పక్కన కూర్చుని పట్టాల చప్పుడు వినేవారు. భారతీయ రైల్వేలకు 1960 నుంచి భిలాయ్ నుంచి పట్టాలు వెళ్తున్నాయి. "మనల్ని మనూరికి మోసుకెళ్తున్నది మన బొగ్గేనమ్మా" అనేవారు.

తాతయ్య రిటైర్ అయ్యాక కుటుంబం రుఆబాంధాలో నాన్నకు ఇచ్చిన క్వార్టర్‌కు మారింది. ఆ ఏడాదే ఆయన బొబ్బిలి నుంచి సువర్ణరేఖ మామిడి మొక్క తెచ్చి పెరట్లో నాటారు. ఇప్పుడది ఇంటి కప్పును దాటింది. ఇంకో ఎనిమిదేళ్ళలో నాన్న రిటైర్ అయితే ఈ క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆ సంగతి తెలిసి నేనొకసారి, "మరి చెట్టు ఎవరిదవుతుంది తాతయ్యా?" అని అడిగాను. ఆయన ఆలోచించకుండానే, "ఎవరు తింటే వాళ్ళది" అన్నారు.

మిత్రులారా, మనలో చాలామంది తాతలు, మామ్మలు ఇలాగే ఎక్కడినుంచో ఒక పెట్టె పట్టుకుని ఈ ఊరికి వచ్చినవాళ్ళే. వాళ్ళు ఇంకా మన మధ్య ఉంటే, ఈ సెలవుల్లో పక్కన కూర్చుని అడగండి. వాళ్ళ భాషలోనే అడగండి. నేను ఇప్పుడు మా తమ్ముడికి అదే పలక మీద రోజూ అరగంట అక్షరాలు దిద్దిస్తున్నాను. వాడు నిన్న 'కొ' దగ్గరికి వచ్చాడు.