రెండు నిమిషాల విమాన ప్రయాణం

స్కాట్లాండుకు ఉత్తరాన సముద్రంలో ఆర్క్నీ ద్వీపాలున్నవి. వాటిలో వెస్ట్రే నుండి పాపా వెస్ట్రేకు మేము విమానమెక్కితిమి. మధ్య దూరం సుమారు 2.7 కిలోమీటర్లే. టైంటేబుల్‌లో 2 నిమిషాలని వ్రాసియున్నది. గాలి అనుకూలిస్తే అంతకూడా పట్టదు. ఒకమారు 53 సెకన్లలోనే దిగినదట! మేము బెల్టు సర్దుకొని కిటికీలో చూచుసరికి అవతలి గడ్డి నేల వచ్చేసినది.

ఇంత దగ్గరకు విమానమెందుకని మేమూ నవ్వుకొన్నాము. అది 1967లో ఆరంభమైన సర్వీసు. పాపా వెస్ట్రేలో నూరుమంది కూడా లేరు. సముద్రం పొంగితే పడవ కదలదు. టీచర్లకు, డాక్టర్లకు, రోగులకు ఎనిమిదిమంది పట్టే ఆ చిన్న విమానమే ఆధారం.

తిరుగు ప్రయాణంనాడు మంచు కమ్మినది. రెండు నిమిషాల దారికి మూడు గంటలు కాచుకొన్నాము. మా ప్రక్కన ఒక ముసలమ్మగారు. పెద్ద ద్వీపంలోని ఆసుపత్రికి పోవాలి. ఒడిలో మందుల సంచి. ఆమె గడియారం చూడలేదు, ఆకాశంకేసే చూచుచుండెను. మా విసుగు మాకే సిగ్గనిపించినది. చివరకు ఇంజను శబ్దం వినబడగానే ఆమె అందరికంటె ముందు లేచి నిలిచెను.