ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద

షాబాన్‌లో వార్షిక పరీక్షలు ముగిసి మద్రసాకు సెలవులు రాగానే మేము హైదరాబాదు బయలుదేరాము. మా కుమారుడు అక్కడ ఇంజనీరింగు చదువుతున్నాడు. వారం క్రితం అతడు మా ఫోనుకు ఒక సందేశం పంపాడు. ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూయే, అయితే ఇంగ్లీషు అక్షరాల్లో: 'ఆప్‌కీ సదా యాద్ ఆతీ హై'. మీ స్వరం గుర్తుకొస్తోంది అని చదువుకోవచ్చు. మీరు సదా గుర్తుకొస్తున్నారు అనీ చదువుకోవచ్చు. ఏది వాడి మనసులోని మాటో తేలక ఆ రాత్రి చాలాసేపు మేలుకున్నాము. ఉస్తాదు బుద్ధి అనుకోండి. ఇలాంటివి ఫోనులో అడగడానికి తండ్రికి నోరు రాదు.

అతణ్ణి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి రమ్మన్నాము. గులాబీ ఛాయ గ్రానైటుతో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. ఎన్నిసార్లు చూసినా ఆ ఎత్తైన కమాను ముందు మనిషి కాసేపు మాట మానేస్తాడు. మెట్ల మీద కూర్చున్నాము.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1918లో స్థాపితమైన ఈ విద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. ఇంగ్లీషు ప్రతి విద్యార్థికీ తప్పనిసరి పాఠ్యాంశం. పాఠ్యగ్రంథాల అనువాదం కోసం అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా వెలిసింది. దాని తొలి అధిపతి మౌల్వీ అబ్దుల్ హఖ్. వైద్యం, న్యాయశాస్త్రం, ఇంజనీరింగు ఉర్దూలో బోధించారంటే మా వాడు నమ్మలేక నవ్వాడు. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది.

ఆ అనువాదకుల శ్రమ తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఉర్దూ వాక్యంలో, మన తెలుగులో లాగే, క్రియ చివరన వస్తుంది. ఇంగ్లీషులో కర్మకు ముందే వచ్చి కూర్చుంటుంది. ప్రతి వాక్యాన్నీ విప్పి మళ్ళీ కట్టాలి. తూ, తుమ్, ఆప్ అనే మూడు మర్యాదలకూ ఇంగ్లీషులో ఒక్క 'యూ'యే దిక్కు. అయినా రెండింటికీ దూరపు చుట్టరికం లేకపోలేదు: నామ్‌కు నేమ్, దోకు టూ.

"అబ్బా, ఉర్దూ రాయడమే కష్టం. 'స' ధ్వనికి మూడు అక్షరాలు, 'జ'కు నాలుగు. ఇంగ్లీషు నయం" అన్నాడు.

"కుడివైపు అనే రైట్, రాయడం అనే రైట్ చెవికి ఒకటే కదా. రెండవదాని ముందు పలకని డబ్ల్యూ ఎందుకు బేటా? రాత్రి అనే నైట్, యోధుడు అనే నైట్ సంగతేమిటి?"

ఆలోచనలో పడ్డాడు. ఆ అక్షరాలు ఒకనాడు పలికినవే. నోరు వదిలేసినా రాత వదలలేదు. ఉర్దూ చేసిందీ అదే. అరబ్బీ నుంచి వచ్చిన సదా, అంటే స్వరం, స్వాద్‌తో రాస్తాము. ఎల్లప్పుడూ అనే సదా సంస్కృతం నుంచి వచ్చింది, తెలుగువారికీ సొంతమే, దానికి సీన్. నిరాడంబరం అనే సాదా ఫారసీది. అదీ సీన్‌తోనే, చివర మాత్రం హే. మాట ఏ ఇంటి నుంచి వచ్చిందో అక్షరమే చెబుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. నాలుగేళ్ళ వయసు నుంచి ఇంగ్లీషు స్పెల్లింగులు ఓపికగా కంఠస్థం చేయించిన మనం, మన పిల్లలకు స్వాద్ బరువవుతుందని మానిపించాము. ఈ మాటలో మా ఇంటి తప్పు కూడా ఉంది.

అప్పుడు అడిగాము: "నువ్వు రాసినది ఏ సదా?"

వాడు తల వంచుకున్నాడు. బస్సు టికెట్టు, కలం చేతికిచ్చాము. మక్తబ్ వదిలి పదేళ్ళు దాటిన చేయి కాసేపు గాలిలో ఆగింది. తరువాత కుడి నుంచి మొదలుపెట్టి, వంకరగా, ఒక స్వాద్ గీశాడు. దాని పక్కన దాల్, అలిఫ్.

ఆ రాత్రే తిరుగు ప్రయాణమయ్యాము. ఇల్లు చేరగానే, చేరామని సందేశం పంపబోయి ఆగి, ఫోన్ చేశాము.