మోత బాగుందంటే భయపడాలి

మా బాబాయి రాజ్‌దూత్ 350 ఏలూరు రోడ్డు మీద హనుమాన్ జంక్షన్ దాటాక పట్టేసింది. వెనక చక్రం ఒక్కసారి బిగుసుకుపోయి, బండి అడ్డం తిరిగి, ఇద్దరం రోడ్డు పక్క తుప్పల్లో పడ్డాం. నాకప్పుడు పన్నెండేళ్లు. దెబ్బలు మరిచిపోయాను గానీ, ఆ రోజంతా బాబాయి అంటూనే ఉన్న మాట గుర్తుంది. "పొద్దున్నే కదరా ట్యూనింగ్ చేయించాను! ఎంత బాగా మోగిందో నువ్వూ విన్నావుగా!"

విన్నాను. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ మైలేజీ పెరుగుతుందని కార్బొరేటర్లలో పెట్రోలు దూరే జెట్లు చిన్నవి వేశాడు. తల ఓ పక్కకు వాల్చి, స్క్రూ పిసరంత అటూ ఇటూ తిప్పి, గుళ్లో గంటలా ఖంగుమనేదాకా తెచ్చాడు. అంత బాగా మోగిన బండి నలభై కిలోమీటర్లకే ఎందుకు పట్టేసిందో నాకు కాలిఫోర్నియా ఎడారిలో ఒక రేకుల షెడ్డులో తెలిసింది.

శాన్‌డియేగోలో నాతో పనిచేసే మెక్సికన్ కుర్రాడు ఒక నవంబర్ శనివారం తెల్లవారుజామున నన్ను బ్రాలీ తీసుకెళ్లాడు. అక్కడ వాళ్ల మామయ్య ఇసుక దిబ్బల పందేలకు టూస్ట్రోక్ బండ్లు తయారుచేస్తాడు. ఊళ్లో అందరూ ఆయన్ని 'తియో' అంటారు. స్పానిష్‌లో మామయ్యనైనా బాబాయినైనా అదే పిలుపు. దారిలో ఎనిమిదో నంబరు హైవే నాలుగు వేల అడుగుల పైచిలుకు కొండెక్కి, బండలగుట్టల మధ్యనుంచి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. బ్రాలీ సముద్రమట్టానికి వంద అడుగులకు పైగా దిగువన ఉంది. కొలరాడో నది నీళ్లు కాలవల్లో పారి, ఎడారిలో పచ్చగడ్డి, ఆకుకూరలు పండుతున్నాయి. కాలవ గట్లు చూస్తే మా కృష్ణా డెల్టా గుర్తొచ్చింది. ఆ తర్వాత పశువుల దొడ్ల వాసన వచ్చి గుర్తు చెరిపేసింది.

షెడ్డు మధ్యలో స్టాండు మీద యమహా బాన్షీ ఉంది. నాలుగు చక్రాలు, బైక్ హ్యాండిల్, కిక్కు. సెల్ఫ్ స్టార్టు ఎప్పుడూ లేదు దీనికి. 1987లో వచ్చి అమెరికాలో 2006 దాకా అమ్ముడైంది. ఐర్లండ్ కథల్లో బాన్షీ అంటే ఇంట్లో చావు జరగబోతోందని ముందుగా ఏడ్చి చెప్పే ఆడదెయ్యం. ఆ పేరు ఎంత సరైందో సాయంత్రానికి గాని నాకు తెలియలేదు. 347 సీసీ, రెండు సిలిండర్లు, బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54. "ఇవి మా బాబాయి బండి కొలతలే!" అన్నాను. 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు మన దేశంలో రాజ్‌దూత్ పేరుతో తయారుచేసింది యమహా ఆర్‌డీ 350నే. దానికి గాలితో చల్లార్పు, దీనికి నీళ్లతో. వంశం ఒకటే. తియో నావైపు మొదటిసారి మనిషిని చూసినట్టు చూసి కుర్చీ లాగాడు.

స్టాండు మీది బండిలో కంపెనీ ఇంజిన్ మిగిలింది కొంచెమే. నాలుగు మిల్లీమీటర్లు పొడుగు స్ట్రోకు ఇచ్చే క్రాంకు వేశాడు, 68 మిల్లీమీటర్ల బోరు సిలిండర్లు పెట్టాడు. లెక్క కడితే 421 సీసీ. వెనక స్వింగ్‌ఆర్మ్ పొడుగుచేశాడు, లేకపోతే క్లచ్ వదలగానే ముందు చక్రాలు ఆకాశం చూస్తాయి. వెనక టైర్లకు పువ్వులుండవు, పడవ తెడ్లలాంటి రబ్బరు పలకలుంటాయి. తెడ్లు ఎక్కువైతే ఇసుకను బాగా పడతాయి గానీ ఇంజిన్ ఊపిరి బిగిసిపోతుంది. అందుకని తియో వాటిని రంపంతో కాస్త కాస్త కోసి సరిచేస్తాడు. నాకు చెప్పుల కొట్టు గుర్తొచ్చింది.

ఆయన పని మొదలుపెట్టింది కార్బొరేటర్ దగ్గర కాదు, పంక్చర్ షాపు పనితో. కార్బొరేటర్ మూతులు, సైలెన్సర్ రంధ్రాలు రబ్బరు బిరడాలతో మూసి, చేతి పంపుతో ఇంజిన్ లోపలికి ఆరు పౌండ్ల గాలి కొట్టాడు. ముల్లు ఆరు నిమిషాలు కదలకూడదు. కదిలింది. సబ్బునీళ్లు రాస్తే సిలిండర్ అడుగు గాస్కెట్ దగ్గర చిన్న బుడగలు. టూస్ట్రోక్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంకు గదిలోకే వచ్చి అక్కడినుంచి పైకి వెళ్తాయి. ఆ గదికి సూదిమొనంత చిల్లి ఉన్నా దొంగగాలి దూరుతుంది, జెట్ల లెక్క తప్పుతుంది. "చిల్లి ఉన్న ఇంజిన్‌కు ట్యూనింగ్ చేసేవాడు పగిలిన కుండలో నీళ్లు కొలిచేవాడు" అని ఆయన స్పానిష్‌లో అన్నదాన్ని మేనల్లుడు ఇంగ్లీషు చేశాడు, నేను తెలుగు చేసుకున్నాను. గాస్కెట్ మార్చడానికి గంటన్నర పట్టింది. మళ్లీ గాలి, మళ్లీ గడియారం. ఈసారి ముల్లు నిలబడింది.

తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డర్ తీగ దూర్చి, కిక్కు చేత్తో నెమ్మదిగా నొక్కి ఇంజిన్‌ను ఒక చుట్టు తిప్పాడు. పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య నలిగిన తీగను కాలిపర్‌తో కొలిస్తే ఒక మిల్లీమీటరు పైన ఇంకాస్త. దానికన్నా తగ్గితే పిస్టన్ హెడ్డును ముద్దుపెట్టుకుంటుందట. కొలిచిన ప్రతి అంకె నూనె మరకల నోటుబుక్కులో ఎక్కింది.

ఈ ఇంజిన్ బలమంతా పొట్ట ఉబ్బిన ఆ సైలెన్సర్లలో ఉంది. వాటి వెనక మంచి కథ కూడా ఉంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీర్ వాల్టర్ కాడెన్ 1950ల్లో ఈ కిటుకు పట్టాడు. పొగతో పాటు ఒత్తిడి అల ఒకటి గొట్టంలో పరుగెత్తుతుంది, గొట్టం సన్నబడేచోట కొట్టుకుని వెనక్కి వస్తుంది. సిలిండర్లోంచి పొగతో కలిసి బయటికి జారిపోబోయే తాజా పెట్రోలును, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి కండక్టర్ లోపలికి నెట్టినట్టు, ఆ అల తిరిగి లోపలికి నెడుతుంది. అయితే అల సరిగ్గా సమయానికి రావాలి. ఆ సమయం కుదిరే కొద్ది వేగాలనే పవర్‌బ్యాండ్ అంటారు. దానికి ముందు బండి మేకపిల్ల, అక్కడ చేరాక పోట్లగిత్త. 1961లో కాడెన్ రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ ఆ రహస్యంతో సహా పారిపోయి జపాన్ వాళ్ల సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాదే వాళ్లకు 50 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిపెట్టాడు. మన వీధుల్లో ఆర్‌ఎక్స్ 100 పాడిన పాట కూడా ఆ అల పాటే.

మధ్యాహ్నం పెట్రోలు కలిపే పని. 110 ఆక్టేన్ రేసు పెట్రోలు, 32కి 1 పాలు ఆయిలు. ఇరవై లీటర్లకు 625 మిల్లీలీటర్లు గాజు కొలపాత్రలో కొలిచాడు. మన బంకుల్లో లూనాలకీ స్కూటర్లకీ టూటీ ఆయిల్ పంపు 'టకటక' కొట్టి పోసిన రోజులు గుర్తొచ్చి, "ఇంకాస్త పోస్తే ఇంజిన్‌కు మంచిదేగా?" అన్నాను.

"జెట్‌లోంచి దూరేది ఎంతో అంతే. అందులో ఆయిలు పెరిగితే పెట్రోలు తగ్గుతుంది. జాగ్రత్త అనుకుని ఇంజిన్‌ను ఎండబెడతావు."

ముప్పై ఏళ్లు బండి నడిపినవాణ్ణి, నాకిది తట్టలేదు.

సాయంత్రానికి గ్లామిస్ చేరాం. ఇంపీరియల్ ఇసుక దిబ్బలు నలభై మైళ్ల పొడవున, కొన్నిచోట్ల మూడొందల అడుగుల ఎత్తున ఉంటాయి. 'రిటర్న్ ఆఫ్ ద జెడై' సినిమాలో ఎడారి దృశ్యాలు కొన్ని 1982లో ఈ దిబ్బల్లోనే తీశారు. 78వ నంబరు హైవేకి ఉత్తరాన రక్షిత ప్రాంతం, అటు బండి పోకూడదు. దక్షిణాన తిరునాళ్లే. ప్రతి బండికీ పొడుగాటి కర్ర మీద జెండా. దిబ్బ అవతలనుంచి వచ్చేవాడికి ముందు కనిపించేది అదే. ఒకే రోడ్డుకు అటు నిశ్శబ్దం, ఇటు ఈ రొద. రెండుగా పంచిపెట్టి చేతులు దులుపుకున్నారనిపించింది.

పందెం ఓల్డ్స్‌మొబైల్ హిల్ అనే దిబ్బ మీదికి. రెండేసి బండ్లు పక్కపక్కన నిలబడతాయి, ఒకడు టార్చి ఊపుతాడు, అంతే. నడిపేది తియో మనవరాలు, పందొమ్మిదేళ్ల పిల్ల. మట్టి రోడ్డు మీద ఇంజిన్‌కు మధ్యమధ్య విరామం దొరుకుతుంది. ఇసుక క్షణం కూడా వదలదు, కింద నుంచి పై దాకా నిండు బరువే. అందుకే జెట్లు పెద్దవి కావాలి. ఎండ ఉన్నప్పుడు 165 నంబరు జెట్లతో నడిపితే ప్లగ్గు లోపలి పింగాణీ అడుగున డికాషన్ రంగు వలయం వచ్చింది. తియో తల ఊపాడు.

పొద్దు గుంకింది. ఎడారి చలి ఎంత తొందరగా దిగుతుందో చొక్కా మీద వచ్చిన నాకే తెలియాలి. అవే జెట్లతో ఆ పిల్ల మొదటి పందేనికి వెళ్లింది. ఆ మోత! ముక్కలు చేసినట్టు స్పష్టంగా, గంట కొట్టినట్టు. మా బాబాయి బండి మోతే. రెండు బండ్ల దూరంతో గెలిచింది. కొండ కొమ్ము దగ్గర క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి, తిరిగి ఊరకే జారుతూ దిగింది. వేగంలో యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు ఆగుతుంది, దాంతో పాటు ఆయిలూ ఆగుతుంది, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సగం ఇంజిన్లు గెలిచిన తర్వాతే పట్టేస్తాయని మేనల్లుడు చెప్పాడు.

అందరం చప్పట్లు కొడుతున్నాం. తియో ఒక్కడే మొహం ముడిచి ప్లగ్గు విప్పుతున్నాడు. టార్చి వెలుగులో పింగాణీ తెల్లగా ఉంది. దాని మీద ఉప్పుపొడిలా మెరిసే చుక్కలు, పిస్టన్ అల్యూమినియం అవి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, పెట్రోలు ఎక్కువ అడుగుతుంది. మనం పెంచలేదు.

"మోత బాగుంది కదా?" అన్నాను, అడక్కుండా ఉండలేక.

"బాగుందంటే భయపడాలి. పెట్రోలు తగ్గేకొద్దీ ఇది బాగా మోగుతుంది, బాగా పరుగెడుతుంది. కరిగిపోయే ముందు అన్నిటికన్నా బాగా."

170 వేశాడు. మనవరాలు వాదించింది, ఇంకొక్క పందెమే కదా అంది. ఆయన జవాబు చెప్పకుండా స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. ఈసారి మోత కాస్త మొద్దుగా, తడిగుడ్డ కప్పినట్టు వినిపించింది. సగం బండి దూరంతో ఓడిపోయింది. ప్లగ్గు డికాషన్ రంగులో వచ్చింది. నోటుబుక్కులో రెండు పందేలకూ గాలి వేడి, జెట్టు నంబరు, ప్లగ్గు రంగు రాశాడు. గెలిచిందీ ఓడిందీ రాయడానికి అందులో గడి లేదు.

మీ ఇంట్లో ఆర్‌ఎక్స్ 100 ఇంకా తిరుగుతూ ఉంటే, అందులోనూ మైలేజీ కోసం ఎవరైనా జెట్టు మార్చి ఉంటే, ఈ ఆదివారం ఒక పని చేయండి. ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేర్లో నిండుగా లాగి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి చూడండి. తెల్లగా ఉంటే ఆ బండిని ఏలూరు రోడ్డెక్కించకండి.