ఇంటిపన్ను

ఒక వేసవిలో మా ఊరి పంచాయతీ ఖజానా నిండుకుంది. కరెంటు బకాయి పేరుకుపోయి మంచినీటి మోటారు మూగబోయింది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పేర్కొన్నది. తాగునీరు వాటిలో ఒకటి. బాధ్యత వచ్చినంత సులభంగా నిధులు రాలేదు.

గ్రామసభలో అందరూ ప్రభుత్వాన్ని నిందిస్తుండగా మా నాన్నగారు లేచారు. “మా ఇంటిపన్ను మూడేండ్లుగా బాకీ ఉన్నది. రేపే చెల్లిస్తాను” అన్నారు. నేను సిగ్గుతో తలవంచుకున్నాను. సభ నిశ్శబ్దమైంది.

వారంలో బకాయిలు చాలావరకు వసూలయ్యాయి. చెల్లించలేనివారు పాత చేదబావిలో పూడిక తీశారు. మోటారు మళ్లీ తిరిగింది.

రావలసిన నిధులను అడగడం ఊరి హక్కు. తానివ్వవలసినది ఇచ్చి అడిగినప్పుడే ఆ గొంతుకు బలం చేకూరుతుందని ఆనాడు గ్రహించాను.