ఉప్పు తగ్గాక గుడ్డట్టు

గుడ్డులోకి ఆకు ఏదైనా, వేసే టైమ్ ముఖ్యం. కరివేపాకు సన్నగా తరిగి ముందే నూనెలో వేగనివ్వాలి, లేకపోతే పంటి కింద పీచులా తగులుతుంది. కొత్తిమీర వాసన వేడికి నిలవదు, స్టవ్ కట్టేశాక చల్లితే చాలు. మెంతికూర ఆకులు గిల్లి, పచ్చివాసన పోయేదాకా మగ్గించాకే గుడ్డు కొట్టాలి. పుదీనాకి నా ఓటు లేదు, గుడ్డు రుచినే మింగేస్తుంది.

ఇదంతా నాన్న కోసం నేర్చుకున్నా. బీపీ వచ్చాక డాక్టర్ ఉప్పు తగ్గించమన్నారు. చప్పిడి అట్టు పెడితే ఆయన రెండు ముక్కలు తిని లేచిపోయేవారు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో గరిట నాదే. ఉప్పు సగం చేసి, మిరియాలు అప్పటికప్పుడు దంచి వేస్తున్నా. డబ్బాలో పొడికి ఆ ఘాటు ఉండదు మరి. మెంతికూర అట్టు ఇప్పుడు మొత్తం తింటున్నారు. పక్కన ఆవకాయ అడగడం మాత్రం మానలేదు. జాడీని పై అరకి ఎక్కించేశా.