స్కిన్నర్ అంటే ఒక బిట్టు మాత్రమే కాదు

 

డీఎస్సీకి ప్రిపేర్ అయ్యేవాళ్లకు స్కిన్నర్ అంటే ఒక బిట్టు. ఎలుక, పెట్టె, పునర్బలనం. టిక్కు పెట్టి ముందుకు పోతారు. నేనూ డిగ్రీలో సైకాలజీ పేపర్ కోసం అలాగే మొదలుపెట్టి ఒక చోట ఆగిపోయాను.

బి.ఎఫ్. స్కిన్నర్ 1904లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. తండ్రి లాయర్. రచయిత అవుదామని డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చున్నాడు, కుదరలేదు. పావ్లోవ్, వాట్సన్ పుస్తకాలు చదివి 1928లో హార్వర్డ్‌లో చేరాడు. ఆకలిగా ఉన్న ఎలుకను పెట్టెలో పెట్టాడు. మీట నొక్కితే మేత పడుతుంది. అది మళ్లీ మళ్లీ నొక్కడం నేర్చుకుంది. మనం చేసిన పనికి ఏం ఫలితం వచ్చిందో, దాన్నిబట్టే ఆ పని మళ్లీ చేస్తామా లేదా అన్నది ఉంటుందని ఆయన సిద్ధాంతం.

నేను ఆగింది శిక్ష దగ్గర. మీట నేర్చిన ఎలుకలకు మేత ఆపేశాడు. కొన్నిటికి మాత్రం మొదట్లో నొక్కినప్పుడల్లా కాళ్ల మీద దెబ్బ పడేలా చేశాడు. అవి కాసేపు నొక్కడం తగ్గించాయి. దెబ్బలు ఆగాక మళ్లీ మొదలుపెట్టాయి. చివరికి లెక్క చూస్తే, దెబ్బ తినని ఎలుకలు ఎన్నిసార్లు నొక్కాయో ఇవీ దాదాపు అన్నిసార్లే నొక్కాయి. అంటే దెబ్బ అలవాటును అణిచింది, పోగొట్టలేదు. ఇది 1938లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది.

నాకు మూడో తరగతి గుర్తొచ్చింది. ఆశ్రమ పాఠశాలలో కోయ మాట్లాడితే బెత్తం దెబ్బ. కోయ పోయిందా? లేదు. రాత్రి లైట్లు తీశాక దుప్పట్లో గుసగుసగా కోయే మాట్లాడుకునేవాళ్లం. పోయింది క్లాసులో చెయ్యెత్తడం. ఇప్పటికీ జవాబు తెలిసినా నోరు లేవదు. ఇన్నేళ్లూ నాది మొద్దుబుర్ర అనుకున్నాను.

1953లో స్కిన్నర్ తన చిన్న కూతురి నాలుగో తరగతి లెక్కల క్లాసుకు వెళ్లాడు. కొందరు లెక్క చేసేసి ఖాళీగా ఉన్నారు, కొందరికి రావడమే లేదు. చేసింది తప్పో ఒప్పో వెంటనే చెప్పేవాళ్లు లేరు. ఆయన పిల్లల్ని తప్పుపట్టలేదు, చెప్పే పద్ధతిని తప్పుపట్టాడు. చిన్న చిన్న మెట్లుగా, ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే బోధనా యంత్రం తయారుచేశాడు.

అన్నీ ఒప్పుకోవాలని లేదు. భాషను కూడా ఇలాగే నేర్చుకుంటామని స్కిన్నర్ అంటే, పిల్లలు ఎప్పుడూ వినని వాక్యాలు కూడా మాట్లాడతారు కదా అని చామ్‌స్కీ 1959లో గట్టిగా విమర్శించాడు. నిజమే, బహుమతి ఇచ్చి మా అమ్మ నాకు కోయ నేర్పలేదు.

సంక్రాంతికి ఊరెళ్లి మా చెల్లికి భాగహారం చెప్పాను. కోయలోనే. తప్పు చేస్తే తిట్టలేదు, ఒక మెట్టు వెనక్కి వెళ్లాను. ఒప్పు చేస్తే వెంటనే చెప్పాను. గంట తర్వాత తనే "ఇంకోటి ఇయ్యి అన్నా" అంది.

మనలో చాలామంది రేపు టీచర్లు అవుతారు. ఆ బిట్టుకు జవాబు పెట్టండి, మార్కు తెచ్చుకోండి. కానీ క్లాసులోకి వెళ్లాక మూలన మాట్లాడకుండా కూర్చున్న పిల్లను చూసి మొద్దు అనకండి. ఆ నోరు ఎప్పుడు, దేనికి మూతపడిందో ఒకసారి అడగండి. వీలైతే తన భాషలోనే అడగండి.

జై ఆదివాసీ.