చక్రాలున్న ఫోను

సాఫ్టువేరు వాళ్ళకి ఈమధ్య వస్తున్న బహుమతుల్లో స్మార్ట్ సూట్‌కేసు ఒకటి. మీకింకా రాకపోతే త్వరలోనే వస్తుంది, కంగారు పడకండి. చూడ్డానికి మామూలు క్యాబిన్ పెట్టే. కాకపోతే పైన ఓ యూఎస్‌బీ పోర్టు, వేలిముద్రతో తెరుచుకునే తాళం, హ్యాండిల్లో తూకం, లోపలెక్కడో జీపీఎస్, వీటన్నిటికీ ఫోన్లో ఓ యాప్. ఇంకాస్త డబ్బు పెడితే స్కూటర్లా ఎక్కి కూర్చుని నడుపుకుంటూ పోయేవి కూడా దొరుకుతాయి. వాటి జోలికి నేను పోను. నలభై దాటాక విమానాశ్రయంలో పెట్టె మీద సవారీ చేస్తూ తెలిసినవాళ్ళ కంటబడే ధైర్యం నాకు లేదు.

నాకూ ఒకటుంది. 2016లో ఒక ప్రాజెక్టు గో-లైవ్ అయిన సంతోషంలో క్లయింటు ఇచ్చాడు. కాబట్టి డబ్బు పోసి కొన్నవాడి మమకారమూ లేదు, కొనలేనివాడి ఉక్రోషమూ లేదు. సోమవారం పొద్దున్నే ఎగిరి గురువారం రాత్రి ఇంటికి చేరే కన్సల్టింగ్ ఉద్యోగంలో రెండేళ్ళపాటు దాన్ని అమెరికా అంతా ఈడ్చాను. ఆ అనుభవంతో రాస్తున్నానన్నమాట.

ముందు మంచి మాటలు. చికాగోలో మంచు పడి ఫ్లైట్లన్నీ వరసపెట్టి ఆలస్యమైన రాత్రి, గోడ దగ్గరున్న రెండు ప్లగ్గుల కోసం జనం క్యూ కట్టినప్పుడు, నేను మాత్రం నా పెట్టె మీద కాళ్ళు చాపుకుని దాన్నుంచే ఫోను ఛార్జి చేసుకున్నాను. ఆ ఒక్క రాత్రికీ దానికి దణ్ణం పెట్టొచ్చు. ఇక హ్యాండిల్లో తూకం. ఇది కనిపెట్టినవాడికి తెలుగువాళ్ళ సంగతి తెలుసో లేదో గానీ, మనకోసమే పుట్టిన ఫీచరు అది. ఇంట్లో బాత్రూం తూకం మీద మనిషి ఒకసారి, పెట్టె ఎత్తుకుని ఇంకోసారి నిలబడి, తీసివేతలు చేసి, "ఇంకో అరకిలో పడుతుంది, ఆ గోంగూర సీసా పెట్టెయ్" అనే సీను మీలో ఎవరింట్లో జరగలేదో చెప్పండి. కాకపోతే ఆ తూకం ఉండాల్సింది 23 కిలోల పెద్ద పెట్టెకి. ఈ బుల్లి పెట్టెకి పెట్టారు. పెద్ద పెట్టెకి కొక్కెం తగిలించి తూచే చిన్న తూకాలు విడిగా దొరుకుతాయి, డ్రాయర్లో పడుంటాయి, ఎవరి పెట్టెకైనా పనికొస్తాయి.

ఈ "విడిగా" అన్న మాట గుర్తుపెట్టుకోండి, దానిమీదే నా గొడవంతా.

2017 డిసెంబరులో అమెరికన్, డెల్టా, అలాస్కా విమాన సంస్థలు ఒక ప్రకటన చేశాయి. 2018 జనవరి 15 నుంచి, బ్యాటరీ తీయడానికి వీల్లేని స్మార్ట్ పెట్టెల్ని అసలు విమానం ఎక్కనివ్వం అని. బ్యాటరీ తీయగలిగేదైతే క్యాబిన్లోకి తెచ్చుకోవచ్చు, కానీ పెట్టెని కింద లగేజీలో వెయ్యాల్సొస్తే బ్యాటరీ తీసి చేత్తో పట్టుకోవాలి. కారణం సబబైనదే. లిథియం బ్యాటరీలో ఒక సెల్లు వేడెక్కి అంటుకుంటే, ఆ వేడికి పక్క సెల్లు, దాని వేడికి ఆ పక్కది... అలా గొలుసులా పోతుంది. పైన క్యాబిన్లో అయితే పొగ ఎవరో ఒకరికి కనబడుతుంది, సిబ్బంది నీళ్ళు పోసి చల్లారుస్తారు. కింద కార్గోలో ఉండేది హేలాన్ వాయువు. అది మంటనైతే ఆర్పుతుంది గానీ లోపల రగిలే ఆ గొలుసుని ఆపలేదు.

సైజు సంగతంటారా, లెక్క సులువే. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీని 3.7 వోల్టులతో గుణిస్తే 37 వాట్ అవర్లు. అనుమతి అక్కర్లేని హద్దు 100. అంటే పెట్టెలో ఉన్న బ్యాటరీ పెద్దదేం కాదు. అది పెట్టెలో ఇరుక్కుని ఉండడమే సమస్య.

ఆ దెబ్బకి కూలిన కంపెనీల్లో బ్లూస్మార్ట్ కథ చెప్పుకోవాలి. 2014లో ఇండీగోగోలో జనం దగ్గర ఇరవై లక్షల డాలర్లకి పైగా పోగుచేసి మొదలైంది. దాని పెట్టెల్లో బ్యాటరీ ఊడదు. 2018 మే 1న, నిబంధన వచ్చి నాలుగు నెలలు నిండకుండానే, దుకాణం మూసేసింది. ఆస్తులు ట్రావెల్‌ప్రో కొనుక్కుంది. ఇక్కడో తమాషా ఉంది. పెట్టెని నిలువుగా నిలబెట్టి, రెండు చక్రాలు వేసి, లాక్కునే హ్యాండిల్ పెట్టిన రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ మొదలుపెట్టిన కంపెనీ ట్రావెల్‌ప్రో. 1987 నాటి ఆలోచన అది. అంతకుముందు బెర్నార్డ్ సాడో చక్రాల పెట్టెకి పేటెంటు పుచ్చుకున్నాడు గానీ (1972లో), దాన్ని తాడు కట్టి దూడని లాక్కెళ్ళినట్టు లాగాలి. మొత్తానికి బ్యాటరీల కంపెనీ పోయి, చక్రాల కంపెనీ మిగిలింది.

మన భాషలో చెప్పాలంటే ఇది టైట్ కప్లింగ్. ఒక పెట్టె బతికేది పదిహేను, ఇరవై ఏళ్ళు. మా నాన్న 80ల్లో కొన్న వీఐపీ సూట్‌కేసు ఇప్పటికీ మా అటక మీద అమ్మ పట్టుచీరల్ని మోస్తూనే ఉంది. ఒక బ్యాటరీ సరిగ్గా పనిచేసేది మూడు నాలుగేళ్ళు. ఒక యాప్ బతుకు దాని వెనకున్న స్టార్టప్ బ్యాంకు బ్యాలెన్సుని బట్టి. యూఎస్‌బీ పోర్టు ఆకారం ఏ ఏటికాయేడు మారుతుంది. ఇంత తేడా ఆయుర్దాయాలున్న నాలుగింటిని తెచ్చి ఒకే డబ్బాలో బిగించి, "స్మార్ట్" అని పేరు పెట్టి అమ్ముతున్నారు. మన కోడ్ రివ్యూలో ఇలాంటి డిజైను తెస్తే ఊరుకుంటామా?

పైగా బరువు. నా పెట్టె ఖాళీగా 3.9 కిలోలు. అమెరికాలో ఎక్కువ విమానాల్లో క్యాబిన్ పెట్టె తూచరు కాబట్టి అక్కడ నొప్పి తెలీదు. మన దేశంలోనూ గల్ఫ్ మీదుగా పోయే విమానాల్లోనూ ఎకానమీవాడికి సాధారణంగా 7 కిలోలే. నా ల్యాప్‌టాప్, ఛార్జరు కలిపి రెండు కిలోలు. మిగిలింది ఒక కిలో చిల్లర. అందులో రెండు చొక్కాలు పెట్టుకుని, "నా పెట్టె ఎక్కడుందో నా ఫోన్లో కనబడుతుంది తెలుసా" అని సంతోషించాలి. అసలు క్యాబిన్ పెట్టెకి జీపీఎస్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. అది నా కాళ్ళ దగ్గరే ఉంటుంది కదా!

ఉండదు. ఆ సంగతి అమ్మ ప్రయాణంలో బాగా తెలిసొచ్చింది.

మా చెల్లెలు వాళ్ళుండేది బెంటన్‌విల్. 2024లో అమ్మ ఒక్కతే హైదరాబాదు నుంచి దోహా, అక్కణ్ణుంచి డాలస్, అక్కడ చిన్న విమానం ఎక్కి వెళ్ళాలి. అమ్మకి షుగరు, బీపీ. మోకాళ్ళ నొప్పులు సరేసరి. మా బావగారు ఫోన్ చేసి, "అత్తయ్యగారికి మంచి స్మార్ట్ పెట్టె పంపిస్తాను బావా, ఎక్కడున్నారో మనకి తెలుస్తూ ఉంటుంది" అన్నారు. ప్రేమతో అన్నదే. కానీ నా కళ్ళముందు కనబడింది వేరే. ఆ చిన్న విమానాల్లో పైన అరలు ఇరుకు. క్యాబిన్ పెట్టెని గుమ్మం దగ్గరే తీసుకుని ట్యాగు కట్టి కింద వేసేస్తారు. నా పెట్టెకి అలా ఎన్నిసార్లయిందో లెక్కలేదు. అప్పుడు లైనింగు జిప్పు తీసి, బట్టలు పక్కకి జరిపి, ప్లాస్టిక్ మూత ఊడదీసి బ్యాటరీ బయటికి లాగాలి. వెనక నలభై మంది నిలబడి చూస్తుంటే నాకే చేతులు తడబడేవి. ఇరవై నాలుగు గంటల ప్రయాణం చేసి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా అర్థమయ్యే మనిషి, ఆ గుమ్మంలో వంగి బ్యాటరీ ఊడదియ్యాలా?

"వద్దు బావగారూ" అని చెప్పి, 2.2 కిలోల గుడ్డ పెట్టె ఒకటి కొన్నాను. ప్లగ్గు లేదు, తాళానికి వేలిముద్ర లేదు. అందులో అన్నిటికన్నా పైన ఓ చేతిసంచి పెట్టాను. మందులు, ప్రిస్క్రిప్షను, పాస్‌పోర్టు, చెల్లెలి నంబరు రాసిన కాగితం, ఫోను ఛార్జరు అన్నీ అందులోనే. "ఎవరైనా పెట్టె ఇమ్మంటే సంచి లాగేసుకుని పెట్టె ఇచ్చెయ్యి, ఇంకేం ఆలోచించకు" అని ఇంట్లో రెండుసార్లు రిహార్సల్ కూడా చేయించాను. "ఏరా, నాకు పరీక్ష పెడుతున్నావా" అని విసుక్కుంది.

ట్రాకరు మాత్రం వద్దనలేదు. 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగు ఒకటి అడుగున పడేశాను. పట్టుమని పదకొండు గ్రాములు, లోపల గడియారాల్లో వేసే గుండీలాంటి సెల్లు, అది పోతే మార్చుకోవచ్చు. పెట్టె పాడైతే ట్యాగు ఇంకో పెట్టెలోకి మారుతుంది. దాంతో ఓ తిరకాసు కూడా ఉంది. ట్యాగు నా ఐఫోనుది, అమ్మది ఆండ్రాయిడ్. తమది కాని ట్యాగు వెంట తిరుగుతుంటే ఫోను హెచ్చరిస్తుంది, ఆడవాళ్ళని ఎవరూ రహస్యంగా వెంటాడకుండా పెట్టిన జాగ్రత్త అది. ముందే చెప్పి ఉంచాను. దోహాలో ఆ హెచ్చరిక రానే వచ్చింది. అమ్మ కంగారు పడలేదు సరికదా, పక్కనున్న కరీంనగర్ కుర్రాడికి చూపించి, "మావాడు నా వెంటే వస్తున్నాడు బాబూ" అందట.

డాలస్‌లో అనుకున్నట్టే చిన్న విమానం గుమ్మం దగ్గర పెట్టె అడిగారు. సంచి లాగేసుకుంది, పెట్టె ఇచ్చేసింది. బెంటన్‌విల్‌లో దిగాక చూస్తే పెట్టె రాలేదు. హైదరాబాదులో తెల్లవారుజామున నా ఫోన్లో చుక్క డాలస్‌లోనే మెరుస్తోంది. చెల్లెలు ఆ చుక్క ఫొటో కౌంటర్లో చూపించి ఫిర్యాదు రాయించింది. మర్నాడు సాయంత్రానికి పెట్టె ఇంటికొచ్చింది. ఈలోపు రాత్రి మాత్ర, పొద్దున మాత్ర, రెండూ వేళకే పడ్డాయి.

2025 జనవరిలో బుసాన్‌లో నేలమీదున్న విమానం తగలబడింది, పవర్ బ్యాంకు కారణం కావచ్చన్నారు. అదే ఏడాది అక్టోబరు నుంచి ఎమిరేట్స్ విమానంలో పవర్ బ్యాంకు వాడడమే నిషేధించింది. ఒకటి వెంట ఉంచుకోవచ్చంతే. నిబంధనలు బిగుస్తున్నాయి గానీ సడలడం లేదు. కొనేవాళ్ళు కొనేముందు ఒక్కటి చూసుకోండి: బ్యాటరీ ఒంటిచేత్తో, పెట్టె తెరవకుండా, పది సెకన్లలో బయటికొస్తుందా? రాకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యండి.

నా పెట్టె బ్యాటరీ 2021లో ఉబ్బింది. తీసుకెళ్ళి ఈ-వేస్టు వాళ్ళకి ఇచ్చేశాను. యాప్ అంతకుముందే ఫోను అప్‌డేట్‌తో పనిచెయ్యడం మానేసింది. చక్రాలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఊరెళ్ళినప్పుడల్లా అదే తీసుకెళ్తాను. బ్యాటరీ ఉండే ఆ అరలో సరిగ్గా ఒక ఇంగువ డబ్బా పడుతుందని అమ్మ కనిపెట్టింది.